నేను కొట్టేసిన వాక్యం

మా పక్కింటి మేస్త్రీ సోమవారం పొద్దున పోయాడు. చీరాల దగ్గర మా ఊళ్ళో నూలుకు రంగులేసే మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఆ మిల్లు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. పాడె మొయ్యడానికి మనుషులు చాల్లేదు. సగం వీధి పనికోసం వలసపోయింది. ఉన్నవాళ్ళలో కొందరు రాలేదు, మిల్లు పోగొట్టింది ఆయనే అని. అందుకే ఇది రాస్తున్నాను.

డ్యూటీ దిగి వస్తూ మిల్లు వెనక కాలవలో గాజుగ్లాసు ముంచి తెచ్చి, కిటికీలో పెట్టడం ఆయన అలవాటు.

"ఇవాళ ఏం రంగయ్యా?" అనేదాన్ని.

"ఎరుపండి పిన్నిగారూ. పెళ్ళిళ్ళ రోజులు కదా, కాలవక్కూడా చీర కట్టాం."

ఆ నీళ్ళే మిరపచేలకు పారేవి. బోరింగు నీళ్ళు కూడా రంగు తిరిగాక ఆయన నవ్వడం మానేశాడు.

బడిలో చదువు చెప్పినదాన్ని కనక ఊరి అర్జీలన్నీ నేనే రాస్తాను. మురుగునీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు కట్టించమని అధికారులకు రాయించుకున్నాడు. చివర్లో, "మిల్లు మాత్రం పోనివ్వకండి, దీనిమీదే బతుకుతున్నాం అని కూడా రాయండి" అన్నాడు. రాశాను. చదువుకుని కొట్టేశాను.

"అర్జీలో ఒకటే కోరిక ఉండాలి. రెండడిగితే ఏదీ చెయ్యరు" అని మందలించాను.

"మీకు తెలీందేముందండి" అని సంతకం పెట్టాడు.

ప్లాంటు కట్టి తీరాలని మిల్లుకు నోటీసు వచ్చింది. యజమాని పనివాళ్ళను పిలిచి చెప్పాడు. "ఈ ప్లాంటుకయ్యే డబ్బుతో పై రాష్ట్రంలో కొత్త మిల్లే లేపుతాను. అక్కడ నీళ్ళ సంగతి అడిగేవాడు లేడు." నెల తిరక్కుండా యంత్రాలు లారీలెక్కాయి.

ఆ వాక్యం ఉంటే యజమాని ఆగేవాడా? ఆగేవాడు కాదేమో. గడువో, సాయమో ఇవ్వాలని అధికారులకైనా తోచేదేమో. ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తేలడం లేదు.

"కాలవ తేటపడిందిగా మేస్త్రీ, ఆ నీళ్ళే తాగి బతుకుదాం" అని అరుగుల మీంచి దెప్పేవాళ్ళు. నేను కొట్టేసిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మిల్లు వెంట వెళ్ళిన మనిషి ఒకడు పోయిన నెల ఫోన్ చేశాడు, అక్కడి కాలవ ఎర్రగా పారుతోందని.

"మన కూడు పోయింది, మన మురికి వాళ్ళకి చేరింది. ఇందుకా పిన్నిగారూ మనం రాసింది?" అన్నాడు మేస్త్రీ.

మిల్లు పోయాక ఆయన చివరిసారి ముంచి తెచ్చిన గ్లాసు ఇంకా ఆ కిటికీలోనే ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాటిలోంచి మూసిన మిల్లు గేటు కనిపిస్తోంది.