రెండో నంబరు మిషను సీటు

గేటు దగ్గర సంత్రీ నా సంచిని నేల మీద ఒలకబోయించాడు. దబ్బనాలు, పురికొస ఉండ, సుద్దముక్క, కత్తెర, సద్ది గిన్నె. కత్తెర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎందుకని అడిగాడు. కుట్టేదాన్నన్నాను. తిరిగి ఇచ్చాడు. ఉదయం ఏడు గంటలు. అప్పటికే నేల కాలుతోంది. అరవై ఎనిమిది ఎండాకాలం.

సైన్యంలో పనిచేశానంటే మా వారాసిగూడలో ఇప్పటికీ నవ్వుతారు. నేను తుపాకీ పట్టలేదు. ఖాకీ వేసుకోలేదు. మెడలో తాడుకు ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. అంతే. కానీ ఆ ఎండల నుంచి చలి మొదలయ్యేదాకా పల్టన్ సీటీ, అంటే ఈల, మోగితే పనిలో దిగాను, సీటీ మోగితే అన్నం తిన్నాను. హుకుం అంటే ఎదురు చెప్పకూడదని నేర్చుకున్నాను. నాకు తెలిసిన సైన్యం అది. అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. ఈ సీటు సంగతి నోటితో చెప్పబోతే ఇప్పటికీ తల వంగిపోతుంది. రాయడమే సులువు.

అది మట్టిపని చేసే ఇంజనీర్ల పల్టన్. యూనివర్సిటీ స్థలంలో, తార్నాక వైపు, బండలూ సీతాఫలం పొదలూ ఉన్న ఎగుడుదిగుడు నేల. దాన్ని చదును చేసి మైదానం తియ్యాలని వాళ్ళకు ఆర్డరు. గుడారాలు ఒక వరుసలో. ఎదురుగా మిషన్లు మూడు. రెండు బుల్డోజర్లు, ఒకటి రోడ్డు గీకేది. కిందికి దిగితే వాననీళ్ళు పోయే నాలా. నాలా అవతల గట్టు మీద హాస్టలు పిల్లలు కూర్చుని తమాషా చూసేవాళ్ళు.

మిషన్లకు ఇంజన్లు బాగున్నాయి. సీట్లే పోయాయి. లోపలి స్పాంజి పిండి పిండిగా రాలిపోయింది. కింది స్ప్రింగులు విరిగాయి. బండ మీద ఎక్కి దిగినప్పుడల్లా సీటు ఇనుముకు ఇనుము కొట్టుకునేది. ఆ దెబ్బ నేరుగా మనిషి వెన్నుకు. కొత్త సీట్లు కావాలని పైకి రాశారట. రాలేదు. అప్పుడు ఫిట్టరుకు నేను గుర్తొచ్చాను. ఫిట్టరుది ముషీరాబాద్. వాళ్ళింట్లో బొంతలన్నీ నేను కుట్టినవే.

"గీ అక్క కుట్టిన బొంత నా పెండ్లి నుంచి ఉన్నది సాబ్. నా పెండ్లామన్న అలిగి పుట్టింటికి పోయింది గానీ, బొంత మాత్రం చినగలే" అని సుబేదారు సాబ్‌కు చెప్పాడు.

సుబేదారు సాబ్‌ది కోస్తా. మీసం తప్ప ఏదీ కదలదు ఆయన ముఖంలో. "బొంత కాదయ్యా, సీటు" అన్నాడు.

"రెండూ కింద పెట్టుకునేటివే గదా సాబ్" అన్నాడు ఫిట్టరు.

అలా చేరాను.

రెండో నంబరు మిషను నడిపేది ఒక హవల్దారు. రాయలసీమ మనిషి. పొట్టి. నా ఎత్తే ఉంటాడు. పల్టన్‌లో బుల్డోజరు మీద అందరికంటే సీనియరు ఆయనే. పలుగుతో కూడా లేవని బండను బ్లేడుతో పిల్లను లేపినట్టు లేపి పక్కన పెట్టేవాడు. మొదటి రోజు నన్ను "ఏం మా, యా ఊరు?" అని అడిగాడు. వారాసిగూడ అన్నాను. ఆ రోజు నుంచి చెల్లీ అన్నాడు. నేను అన్నా అన్నాను.

ముషీరాబాద్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి ఫిట్టరు లారీ సీటు స్ప్రింగులు తెచ్చాడు. వాటిని కోసి, వెల్డింగు పెట్టి, మిషను సీటు కింద బిగించాడు. పైన మెత్త నాది. మా పనిలో బొంతకు కొలత మంచాన్ని బట్టి. మనిషిని కొలవం. ఎవరు పడుకుంటారని అడగం కూడా. అడిగితే అది ఇంటి గుట్టు అడిగినట్టు. నేను సీటు ఇనుమును జానతో కొలిచాను. కొబ్బరి పీచు దట్టంగా, దాని మీద దూది, దాని మీద గుడారపు కాన్వాసు. అంచుకు ఎర్ర పట్టీ. సుద్దతో గీత కొట్టి ఆ గీత వెంట దబ్బనం దింపాను. సుద్దగీత మనిషి కూర్చున్న పూటే చెరిగిపోతుంది. అందుకే దాన్ని తుడవం.

ఇంటికొచ్చిన మనిషికి పలచని బొంత పరిస్తే మాకు తలవంపు. అందుకని ఇంకో పొర దూది వేశాను. హవల్దారన్నకు ఇంకొంచెం వేశాను.

ఎక్కి కూర్చున్నాడు. "ఎట్లున్నది అన్నా?" అన్నాను.

"బాగుండాది మా. పెండ్లిపీట మాదిరి ఉండాది" అన్నాడు.

నా చేతులకు కాన్వాసు కోసిన గాట్లున్నాయి. వాటినే చూస్తూ అన్నాడు ఆ మాట. నేను సంబరపడ్డాను.

తర్వాత వారాలు వానలు. మిషన్ల మీద రేకు కప్పులుండబట్టి సీట్లు తడవలేదు. నల్లమట్టి చక్రాల పట్టాలకు ముద్దలు ముద్దలుగా అంటేది. నేను మిగతా రెండు సీట్లు చేశాను, గుడారాలు కుట్టాను. హవల్దారన్న పొద్దున ఎక్కితే మధ్యాహ్నం సీటీకే దిగేవాడు. దిగాక కాసేపు మిషనును పట్టుకుని నిలబడేవాడు. అన్నం కూడా నిలబడే తినేవాడు. సైన్యంలో అలవాటేమో అనుకున్నాను. అందరూ కూర్చుని తింటున్నారని చూడలేదు.

పెద్ద సాబ్ తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ముందు రోజు పొద్దున మిషన్లకు పూజ. సుబేదారు సాబ్ హుకుం. రెండో నంబరుకు హవల్దారన్నే కొబ్బరికాయ కొట్టాడు. కర్పూరం వెలిగించి, సీటు మధ్య కుంకుమ బొట్టు పెట్టి కళ్ళకద్దుకున్నాడు.

మధ్యాహ్నం పూలూ అక్షింతలూ ఎత్తమని నన్ను పంపారు. పక్క మెట్టు మీద నిలబడి సీటు చూశాను. ముందు అంచున, ఎర్ర పట్టీ పక్కన, మరక. కుంకుమ రాలిందనుకున్నాను. చెంగుతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. అది కుంకుమ కాదు.

అప్పుడు వెనక సగం చూశాను. నా సుద్దగీత అలాగే ఉంది. తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకు. ఇన్ని వారాల్లో ఆయన ఒక్కనాడు వెనక్కి కూర్చోలేదు. మెత్త అణిగి ఇనుము తగిలే ఆ ముందు అంచు మీదే పొద్దంతా.

ఫిట్టరును పిలిచి చూపించాను. వాడు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మొలలు అక్కా. పాత సీటు కొట్టిన దెబ్బలకే మొదలైనయ్. జెర డాక్టరుకు చూపియ్యరాదే అన్నా అంటే కొట్టొస్తడు."

"మంచి సీటు చేసినంక గూడ అంచుకే ఎందుకు కూసుంటున్నడు?"

వాడికీ తెలియదు. ఇద్దరం కలిసి వెళ్ళి అడిగాం. హవల్దారన్న గుడారం తాడు బిగిస్తున్నాడు. "సీటు మీద ఎట్ల కూసుంటున్నవు అన్నా?" అన్నాను. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడపిల్లవు. నీకేంటికి మా ఆ మాటలు? నీ పని బాగుండాది. పో."

"డాక్టరుకు చూపియ్ అన్నా."

"చూపిస్తే మిషను దింపుతారు. దింపి లంగర్లో వంటోళ్ళ కాడ ఎర్రగడ్డలు కోసేకి పెడతారు. ఈ మాట యాడా అనాకు. నా మీదాన."

నా మీద ఆన పెట్టకుండా, తన మీదే పెట్టుకున్నాడు.

తిరిగి మిషను దగ్గరికి వచ్చాం. "మనిషి కూసుంటెనే తెలుస్తది" అన్నాడు ఫిట్టరు. వాడు పొడుగు. నేనూ హవల్దారన్నా ఒకే ఎత్తు. చీర కుచ్చెళ్ళు దోపుకుని పట్టాల మీదుగా ఎక్కాను. బొట్టు చెదరకుండా ఫిట్టరు తువ్వాలు పరిచి, సీటులో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. మెత్తగా ఉంది. చాలా మెత్తగా ఉంది. కాళ్ళు చాపాను. బ్రేకు పెడల్‌కు నా బొటనవేలు కూడా అందలేదు. లారీ స్ప్రింగు లేపింది కొంత, నా దూది లేపింది కొంత. వెనక్కి కూర్చుంటే బ్రేకు లేదు. బ్రేకు కావాలంటే అంచుకు జారాలి.

నాలా గట్టు మీద ఈలలు మొదలయ్యాయి.

"అక్కా, లైసెన్సున్నదా?"

"జర తార్నాక చౌరస్తాల దించు అక్కా!"

గుడారాల్లోంచి జవాన్లు బయటికొచ్చారు. అందరి కళ్ళూ నా పిక్కల మీద. సుబేదారు సాబ్ వచ్చాడు.

"ఎవరమ్మా అది పైన? దిగు. పూజ చేసిన బండి అది. ఏవయ్యా ఫిట్టరూ, ఆడమనిషి ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డావా?"

"సాబ్, కాలు అందుతలేదు..." అన్నాను. ఈలల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అనాలి. అనలేదు. చీర సర్దుకుని దిగిపోయాను. 

కింద ఫిట్టరుతో అన్నాను. "ఒక్క గంట చాలు. కుట్టు విప్పి రెండు పొరలు తీసేస్త."

"పూజయిన సీటుకు కత్తెర పెడ్తవా?"

పెట్టకూడదు. అది నాకూ తెలుసు. పూజయిన వస్తువును విప్పితే అది నడిపేవాడికే కీడు. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. ఫిట్టరు కూడా భయపడ్డాడు. "రేపు పెద్ద సాబ్ పోనీ. పూజ గడియలు దాటినంక ఎల్లుండి పొద్దుగాల్నే కోద్దాం" అన్నాడు. ఆయనకు కీడు జరగకూడదనే మేమిద్దరం ఆ సీటును ముట్టుకోలేదు.

మర్నాడు పది గంటలు. ఎండ. గుడారంలో ఫోను మోగింది. సుబేదారు సాబే ఎత్తాడు. అవతల సంత్రీ గొంతు మాదాకా వినబడింది.

"గేటు నుంచి సాబ్. పెద్ద సాబ్ జీపు దాటింది."

"సరే. రెండో నంబరు, స్టార్ట్."

పెద్ద సాబ్ మూడు మిషన్లూ చూశాడు. చేతికర్రతో సీట్లు నొక్కాడు. ఎర్ర పట్టీ చూసి నవ్వాడు. ఎవరు చేశారని హిందీలో అడిగాడు. నన్ను ముందుకు తోశారు. షాబాష్ అన్నాడు. పల్టన్ అంతా చప్పట్లు కొట్టింది. నేను చేతులు జోడించాను. అప్పుడైనా నోరు తెరవవచ్చు. చప్పట్లు ఆగకముందే వెనక వరుసలోకి వచ్చేశాను.

తర్వాత నడిపి చూపించమన్నాడు. హవల్దారన్న ఎక్కాడు. పెద్ద సాబ్ ముందు అంచున కూర్చోవడం బాగుండదనుకున్నాడేమో, ఆ ఒక్కరోజు సగం వెనక్కి జరిగి, వీపు నిటారుగా పెట్టాడు. మట్టి తోసుకుంటూ నాలా వాలు దిగాడు. అంచు దగ్గర ఆగాలి. ఆగలేదు. బ్రేకుకు కాలు అందడం కోసం ఆయన ముందుకు జారడం చూశాను. అదే క్షణాన పట్టా కింద రాయి. మనిషి ఎగిరి ఇనుప అంచు మీద పడ్డాడు. మిషను వాలులోకి పోయింది. గట్టు మీద పిల్లలు కేకలు వేస్తూ చెల్లాచెదురయ్యారు. ఆయన బ్లేడు కిందికి వదిలాడు. బ్లేడు నేలలో దిగబడింది. మిషను ముక్కు వంచి నిలబడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన మాత్రం లేవలేకపోయాడు. ఇద్దరు చంకల్లో చేతులు వేసి దించారు. ప్యాంటు వెనక తడి. అందరూ చూశారు. అవతల గట్టు నుంచి ఒక నవ్వు వినబడింది. తర్వాత అది కూడా ఆగిపోయింది. పోయి నా చెంగు కప్పాలనుకున్నాను. ఆడదాని చెంగు కప్పితే ఇంకా నవ్వుతారని ఆగాను. ఫిట్టరు తన చొక్కా విప్పి ఆయన నడుముకు చుట్టాడు.

మధ్యాహ్నం గుడారంలో విచారణ. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళాను. ఈసారి గట్టిగానే చెప్పాను.

"సాబ్, తప్పు సీటుది. ఎత్తు ఎక్కువైంది. కాలు బ్రేకుకు అందదు. నేను కూసుని చూసిన. తప్పు నాది."

సుబేదారు సాబ్ రాస్తున్న కలం ఆపాడు. "ఆ సీటును పెద్ద సాబ్ అందరి ముందూ మెచ్చుకున్నారమ్మా. ఆయన మెచ్చిన సీటులో తప్పుందని ఇప్పుడు నన్ను చెప్పమంటావా?" హవల్దారన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. సీటు ఎలా ఉంది?"

ఆయన నిలబడే ఉన్నాడు. నడుముకు ఇంకా ఆ చొక్కానే.

"సీటు బాగుండాది సాబ్. నా కాలు జారింది."

నా వైపు చూడలేదు.

ఆస్పత్రిలో పది రోజులు పెట్టి, తర్వాత లంగరుకు పంపారు. రెండో నంబరు ఇంకొకరికి ఇచ్చారు. పొడుగు మనిషి. వెనక్కి ఆనుకుని కూర్చునేవాడు. సీటు సరిచేస్తానంటే, "దీన్ని ముట్టుకోకు, పరుపులా ఉంది" అన్నాడు.

ఒకరోజు లంగరుకు వెళ్ళాను. హవల్దారన్న బల్ల ముందు నిలబడి ఎర్రగడ్డలు, మా మాటలో ఉల్లిగడ్డలు, కోస్తున్నాడు. పలచగా, గట్టిగా కుట్టిన మెత్త ఒకటి తీసుకెళ్ళాను. ఈసారి మనిషి కొలతకు, నా కొలతకు కుట్టింది.

"లంగర్లో ఎవురు కూర్చుంటారు మా?" అని నవ్వాడు. "నిలబడి చేసే పని. మంచిదే అయింది." కళ్ళలో నీళ్ళు. ఎర్రగడ్డలవి. అలా అనుకుంటేనే నేను అక్కడ నిలబడగలిగాను.

చలికాలం మొదట్లో పల్టన్ కదిలింది. తార్నాక చౌరస్తా దాకా వెంట నడిచాను. బిళ్ళ తీసి సుబేదారు సాబ్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, మీసం సవరించుకుని వెళ్ళిపోయాడు. వంటసామాను లారీలో హవల్దారన్న కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కూసో అన్నా, దూరం పోవాలె."

"తార్నాక దాటినాంక కూర్చుంటాలే మా."

లారీ కనబడినంత మేరా నిలబడే ఉన్నాడు. నేను వారాసిగూడకు నడిచాను. మళ్ళీ బొంతలు కుట్టాను. మైదానం మీద తర్వాత పిల్లలు ఆడారు. చాలా బాగా చదును చేశారని అందరూ అంటారు. నేను అటు వెళ్ళలేదు.

ఆయన్ను మిషను మీంచి దించేటప్పటి దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందుకొస్తుంది. అందరూ మనిషి చుట్టూ చేరారు. నేను సీటు వైపు చూశాను. బరువు దిగగానే లారీ స్ప్రింగు దాన్ని మెల్లగా పైకి లేపింది. ముందు అంచు నల్లగా అణిగి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు సగం చెదిరింది. ఆ వెనక, నేను ఆయన కోసం ఎక్కువ దూది కూరిన చోట, తెల్లటి సుద్దగీత.