పెళ్లిగుర్రం ఎడమ కన్ను

మా బాపు ప్రాణం రెండు చోట్ల ఉండేది. ఒకటి తెలంగాణ, రెండోది మా తెల్లగుర్రం. సకల జనుల సమ్మె రోజుల్లో ఆ రెంటినీ ఒక్కచోట చూసుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. గుర్రాన్ని పెళ్లికి ముస్తాబు చేసినట్టే చేసి కోరుట్లలో ర్యాలీకి ముందు నడిపించాడు. జనం గుప్పిళ్లతో గులాల్ చల్లారు. ఇంటికొచ్చేసరికి మా తెల్లగుర్రం కాస్తా గులాబీ గుర్రమైంది. ఎడమ కన్ను మాత్రం ఎర్రబడి, ధారగా నీరు కారుతోంది.

నలక పడింది, రేపటికి పోతుందిలే అనుకున్నాం. పోలేదు.

అమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. మా ఆయన దుబాయిలో ఉండేవాడు. నేను బాపు దగ్గరే ఉండి బీడీలు చుట్టేదాన్ని. మాకు గుంట భూమి లేదు. పెళ్లికొడుకులను ఎక్కించుకుని ఊరేగే ఆ గుర్రమే మాకు పొలం. పెళ్లిగుర్రానికి కన్ను పోతే ఇంకేముంది? ఒంటికన్ను గుర్రం మీద ఎవరూ పెళ్లికొడుకును కూర్చోబెట్టరు, అపశకునమంటారు. దీపావళి దాటితే పెళ్లిళ్లు మొదలవుతాయి. ఈలోపు కన్ను బాగుపడాలి. బాగుపడేదాకా సంగతి బయటికి పొక్కకూడదు. కన్నుపోయిన గుర్రాలను ఇటుకబట్టీలవాళ్లు తప్ప ఎవరూ కొనరు. అక్కడికి పోయిన గుర్రం ఎన్నాళ్లు బతుకుతుందో మాకు తెలుసు.

అందుకే బాపు దాని కంటికి గంత కట్టాడు. ఊరేగింపులో టపాకాయలకు బెదరకుండా గుర్రం కళ్లకు రెండు పక్కలా గంతలు కడతారు. మావి ఎర్ర మఖమల్‌వి, చమ్కీలు కుట్టినవి. ఎడమ గంతను ముందుకు లాగి కన్నంతా మూసేలా బిగించాడు. రోజూ పొద్దున నీళ్లతో కన్ను కడగడం, మళ్లీ గంత కట్టడం. ఎవరైనా అడిగితే, "దిష్టి తగుల్తున్నదని కట్టిన" అనేవాడు. పొద్దున కడిగినప్పుడు కన్ను కాస్త తెరుచుకునేది. సాయంత్రానికి మళ్లీ వాచిపోయేది. గుర్రం తలను గోడకేసి రుద్దుకుంటుంటే నాకు అన్నం సయించేది కాదు.

మా వాడలో ఒక ముసలామెకు అనుమానం వచ్చింది. తంబాకు నమిలి కంట్లో ఉమ్మితే ఎలాంటి మసకైనా విరిగిపోతుందని బాపు చెవిలో వేసింది. బీడీలు చుట్టే ఇంట్లో తంబాకుకు కరువా? నేను చూస్తుండగానే ఆయన వచ్చి నా చాటలోంచి చిటికెడు తీశాడు.

"ముందుగాల నీ కంట్ల ఉమ్ముకో బాపూ. అటెన్క దాని కంట్ల ఉమ్ముదువు" అన్నాను.

"మరేం జెయ్యాలె బిడ్డా? దవాఖానకు తాళమాయె. డాక్టరు డేరాల గూసునె. నువ్వే చెప్పు, ఏం జెయ్యాలె?"

నేను చాట పక్కన పెట్టి సమ్మె డేరాకు పోయాను. పశువుల డాక్టరు మెడలో గులాబీ కండువాతో చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పాను, గంత సంగతి తప్ప. ఆ ఒక్కటి నోట్లోంచి రాలేదు. డేరా నిండా మనుషులు, అందులో సగం మంది ఇళ్లల్లో పెళ్లి వయసు కొడుకులు.

"కాచి చల్లార్చిన నీళ్లల్ల జర ఉప్పేసి కడుగుండ్రి. ఎండ తగలకుంట నీడకు కట్టెయ్యుండ్రి. నాటు మందులు పెట్టకుండ్రి, కంట్ల పువ్వేస్తది" అని చెప్పి చుక్కల మందు పేరు రాసిచ్చాడు. గుర్రాన్ని తానే వచ్చి చూస్తానన్నాడు కూడా. వద్దన్నాను. ఆయన మా ఇంటికి నడిచొస్తే వాడకంతా తెలిసిపోతుంది.

నీడ అన్నాడు కదా, గంత మంచిదేనని బాపు ఇంకా గట్టిగా కట్టాడు.

ఆ మందు కోరుట్లలో లేదు. బస్సులు లేవు. ట్రాక్టరు మీద కొంత, నడిచి కొంత, ఎలాగోలా జగిత్యాల చేరాను. లారీలు రాక సరుకు ఆగిపోయిందని దుకాణంవాళ్లు చేతులెత్తేశారు. వట్టి చేతులతో తిరిగొస్తుంటే నాకు అందరి మీదా కోపమొచ్చింది. సమ్మె మీద, ఆ సమ్మె దాకా తెచ్చిన ఢిల్లీ మీద, గులాల్ అమ్మినవాడి మీద, గుర్రానికి ముస్తాబు చేసిన మా బాపు మీద. ఇంటికొచ్చి చూస్తే నల్లగుడ్డు మీద పలచని తెల్ల మసక కనిపించింది. డాక్టరు చెప్పిన పువ్వేయడమంటే ఇదేనేమో అనుకున్నాను. బాపు గుర్రం మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

సిరిసిల్లలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. ఆమె మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. మర్నాడు తనే ఫోన్ చేసి మందు దొరికిందని చెప్పింది. పాలవ్యాన్లను ఎవరూ ఎక్కువసేపు ఆపరు గనక, అందులో ఒకదాన్ని బతిమాలి ఎక్కాను. రుద్రంగిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టేదాకా వదల్లేదు. చందుర్తి దగ్గర టైర్లు కాలుతున్నాయి. ఏం పని మీద పోతున్నావని ఒకతను అడిగాడు. గుర్రం కంటికి మందు కోసమని చెప్పాను.

"మనుషులకే మందుల్లేవు, గుర్రానికంట!" అని అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నా మొహం చూసి అతనే అడ్డంగా పెట్టిన రాయి జరిపాడు.

సిరిసిల్ల షెడ్డులో అక్క మందు సీసా చేతిలో పెట్టింది. అప్పుడే కరెంటొచ్చి మగ్గాలు మొదలయ్యాయి. షెడ్డంతా దూది దుమ్ము లేచింది. అక్క కళ్లు నులుముకుంటూ భుజం మీది తువ్వాలు తీసింది. తీసిన వెంటనే తుడుచుకోలేదు. బయటికొచ్చి దాన్ని తిరగేసి, టపటపా దులిపి, అప్పుడు తుడుచుకుంది. దులిపినప్పుడు ఆ తువ్వాల్లోంచి లేచిన దూదిని చూసి నేను అక్కడే ఆగిపోయాను.

"ఏమైందే?" అంది అక్క.

"మేం గంత దులపలేదక్కా" అన్నాను.

తిరుగుదారి ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. ఇంట్లో అడుగు పెడుతూనే గంత విప్పి లోపలి వైపు తిప్పాను. మఖమల్ మడతల్లో ర్యాలీ నాటి గులాల్ ముద్దకట్టి ఉంది. కుట్టు ఊడిన చమ్కీ ఒకటి అంచు లేచి లోపలికి పొడుచుకుని ఉంది. బాపు దాన్ని వేలితో తడిమి చూశాడు.

"పొద్దుగాల కడుగుడు, మల్ల గిదే కట్టుడు. మనమే జేసినం బిడ్డా" అన్నాడు.

గంత అవతల పారేశాం. గుర్రం కొట్టం వాకిలికి నీడకోసం గోనెసంచి వేలాడదీశాం. ఉప్పునీళ్లతో కడిగి చుక్కలు వేశాం. ఊరికి తెలిస్తే తెలియనీ అని డాక్టరును కూడా ఇంటికి పిలిచాం. పైపైనే గీసుకుంది, మందు ఆపకండి అన్నాడు ఆయన. వాపు తీసింది. నీరు కారడం తగ్గింది. మసక మాత్రం పోతోందో లేదో మాకు అర్థమయ్యేది కాదు. బాపుకు పోయినట్టనిపిస్తే నాకు ఉన్నట్టనిపించేది. నాకు పోయినట్టనిపించిన రోజు ఆయన తల అడ్డంగా ఊపేవాడు. గుర్రం ఆ కంటితో చూస్తోందా లేదా అని అడగడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

ఒక పొద్దున మెట్‌పల్లి నుంచి ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఇటుకబట్టీలకు గుర్రాలమ్మే బేరగాడు. నన్ను పలకరించకుండానే గోనెసంచి తప్పించి లోపలికి పోయాడు. గుర్రం ఎడమ వైపు నిలబడి, కంటి ముందు ఒక్కసారిగా చెయ్యి ఊపాడు. గుర్రం రెప్ప కొట్టి తల వెనక్కి లాక్కుంది. మళ్లీ ఊపాడు. మళ్లీ రెప్ప కొట్టింది. చూస్తోంది! మా గుర్రం చూస్తోంది!

బేరగాడు బాపు వైపు తిరిగాడు. "ఏందన్నా గిది? కన్ను పోయిందని ఫోన్ జేస్తివి. రస్తారోకోలల్ల వడి ఇన్నొద్దులకు అస్తిని. మంచిగనే సూస్తున్నదిగదా?"

బాపు తల దించుకున్నాడు. బేరగాడు వెళ్లిపోయేదాకా తల ఎత్తలేదు.

"ఎప్పుడు జేసినవ్ బాపూ ఫోను?" అని అడిగాను.

"నువ్వు సిరిసిల్లకు ఎల్లంగనే" అన్నాడు. "కన్ను పోయినంక దాని మొకం జూసుడు నాతోని గాదనుకున్న బిడ్డా."

ఆ రోజు రుద్రంగి నుంచి ఒకసారి, చందుర్తి నుంచి ఒకసారి, మందు చేతికి రాగానే సిరిసిల్ల నుంచి ఒకసారి ఆయనకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన ప్రతిసారీ ఆయన, "పైలంగ రా బిడ్డా, గుర్రం నీకోసమే సూస్తున్నది" అనే అన్నాడు.