రాతిబ్ ఇచ్చిన నీళ్ళు

మా తమ్ముడు రాతిబ్ నలభై ఏళ్ళు మా ఊళ్ళో శవాలకు స్నానం చేయించాడు. మా ఇడ్లిబ్ కొండల్లో ఆ పని చేసేవాణ్ణి అందరూ గౌరవిస్తారు, ఎవరూ భోజనానికి పిలవరు. వాడి అక్కను, నేను చదివింది రెండో తరగతే గానీ, ఆ పని నియమాలు మా ఊరి ఇమాముకన్నా నాకే బాగా తెలుసు. మామూలుగా పోయినవాడికి స్నానం, తెల్లగుడ్డ, నమాజు. పోరులో అమరుడైనవాడికి స్నానం లేదు, నెత్తుటి బట్టలతోనే పూడ్చాలి. కానీ గాయపడ్డవాణ్ణి బయటికి మోసుకొచ్చాక గుక్కెడు నీళ్ళు తాగి పోయాడంటే వాడు మళ్ళీ మామూలు మనిషే. స్నానం చేయించాల్సిందే.

యుద్ధం వచ్చిన మూడో ఏడు ఊళ్ళోకి రెండు జెండాలు వచ్చాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండింటి మీదా రాత ఒకటే. ఖలీఫా వచ్చేశాడు, ఆయనకు మాట ఇవ్వనివాడు ముస్లిమే కాదని నల్ల జెండావాళ్ళన్నారు. ముందు డమాస్కస్ ప్రభుత్వం సంగతి చూద్దాం, ఖలీఫా సంగతి తరవాత అని తెల్ల జెండావాళ్ళన్నారు. పొగతాగడం పాపమని నా పొగాకు మాత్రం ఇద్దరూ లాక్కున్నారు.

పొరుగింటి ఫిద్దా పెద్దకొడుకు షాహిర్ తెల్లవాళ్ళలో చేరాడు, చిన్నవాడు గియాస్ నల్లవాళ్ళలో. ఒక పొద్దున ఆలివ్ నూనె మిల్లు దగ్గర రెండు జెండాలూ కాల్చుకున్నాయి. నల్లవాళ్ళు పారిపోయారు. ఊరివాళ్ళు అన్నదమ్ముల శవాలను ఒకే ట్రక్కులో తెచ్చి మా వాకిట్లో దించారు.

ఫిద్దా ఏడవలేదు, రాతిబ్ వైపు తిరిగింది. "అన్నా, ఇద్దరికీ స్నానం చేయించు. వాళ్ళ నాన్న పక్కన పడుకోబెట్టు. ఇంకేమీ అడగను" అంది.

ఇంతలో తెల్లవాళ్ళ నాయకుడు వచ్చాడు. రొట్టెలు కాల్చే సాదిఖా కొడుకు ఖుసై. ఇప్పుడు అబూ హఫ్స్ అనాలట.

"మావాడు అమరుడు హాజీ, స్నానం వద్దు. ఆ రెండోవాడు మతం దాటాడు. వాడికి స్నానం లేదు, నమాజు లేదు, మన శ్మశానంలో చోటూ లేదు. మిల్లు వెనక గొయ్యి తవ్విస్తున్నా."

నల్లవాళ్ళు గెలిచి ఉంటే ఇవే మాటలు పేర్లు మార్చి చెప్పేవాళ్ళు.

రాతిబ్ చెంబు చూపించాడు. "ఇద్దరూ ఇక్కడికొచ్చాకే పోయారు. దీంతోనే నీళ్ళు తాగారు. అల్లా పేరు తలుచుకుని మరీ పోయారు. ఇద్దరికీ స్నానం, ఇద్దరికీ నమాజు."

"గియాస్‌కి నుదుట్లో తగిలింది. ఎలా తాగాడు?"

"బాగా దాహంగా ఉన్నట్టుంది."

"ఒట్టేస్తావా?"

రాతిబ్ అల్లా మీద ఒట్టేశాడు. వాడు అబద్ధమాడగా ఊళ్ళో ఎవరూ వినలేదు. ఖుసై చెంబులోకి తొంగి చూశాడు.

"నేనూ చూశాన్రా ఖుసై" అన్నాను. "నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది నేనే. అప్పుడూ ఇలాగే స్నానం వద్దని గోల చేశావు."

వెంట వచ్చిన తుపాకీవాడు గోడవైపు తిరిగి దగ్గాడు. ఖుసై జెండా తీసి రాతిబ్ చేతికిచ్చాడు. "సరే. షాహిర్ మీద ఇదైనా కప్పు."

"తడుస్తుంది. తరవాత కప్పుతాలే."

నేను ఒకే గుండిగలో నీళ్ళు కాచాను. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ తండ్రి పక్కన ఉన్నారు. జెండా కప్పడం మాత్రం రాతిబ్ మరిచిపోయాడు.

మర్నాటి నుంచి రాతిబ్ ఉపవాసం మొదలుపెట్టాడు. అబద్ధపు ఒట్టుకు పరిహారం మూడు రోజులు, ఇద్దరు కుర్రాళ్ళకు ఆరు. నాలుగో రోజు దారిలో ఖుసై ఆపి, రంజాను కాదు కదా, ఉపవాసమెందుకని అడిగాడట. కడుపు బాగాలేదని చెప్పాడట. ఆ అబద్ధంతో ఉపవాసం ఏడు రోజులైంది.

నేను ఒక్కపూటా తిండి మానలేదు. నన్నెవరూ ఒట్టు వేయమనలేదు.