మూసిన తలుపుల వెనక సాంబ్రాణి

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం నన్ను ఒడుగత్తూరు నుంచి గుడియాత్తం సర్కారు ఆస్పత్రికి మార్చారు. నాది ఆయా ఉద్యోగం. డాక్టరు, కాంపౌండరు, నర్సమ్మ, అందరి తరువాత నేను. మొగుడు పోయాక దొరికిన పని. ఆస్పత్రి వెనక గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పని లేని పూట నోరు తెరిచే అవసరమే పడేది కాదు.

ఆ ఎండల్లో కొండమీద అడవి అంటుకుంది. పొగ దిగి ఊరిమీద కూర్చుంది. అందులో కంటికి కనబడని నుసి ఉంటుందనీ, ఊపిరితిత్తుల్లోకి దిగితే పసిబిడ్డలు, ముసలివాళ్లు, ఉబ్బసం మనుషులు తట్టుకోలేరనీ డాక్టరు చెప్పారు. తలుపులు, కిటికీలు మూసుకొమ్మని దండోరా వేయించారు. మూశారో లేదో ఇల్లిల్లూ చూసి రావడం నా వంతు.

నేతవాళ్ల వీధిలో అన్నీ మూసే ఉన్నాయి. కానీ ఒక బాలింత ఇంట్లో తలుపు సందులోంచి పొగ బయటికి వస్తోంది. లోపల బిడ్డ దగ్గు. తట్టాను. బాలింత అత్తగారు తీసి గడపకు అడ్డం నిలబడింది.

"పురిటింట్లోకి మొగుడు లేనిది రాకూడదు. తెలీదా?"

"రాను పెద్దమ్మా. లోపల ఆ పొగేంది?"

"కొండ కంపు పోవాలని సాంబ్రాణి ఏసినాం. తలుపులు మూయమని మీరే గదా దండోరా ఏయించినారు?"

"మూసిన ఇంట్లో ఏ పొగైనా పొగే. బిడ్డ దగ్గుతుండాది."

"నా బిడ్డలంతా సాంబ్రాణి పొగలోనే పెరిగినారు. ఒంటిదానివి, బిడ్డల సంగతి నీకేం తెలుసు?"

గడప దాటితే గొడవవుతుంది, బిడ్డ పొగలోనే ఉంటుంది. వాకిట్లోనే నిలబడి అన్నాను: "నన్ను రానీయొద్దు. నువ్వే పోయి బిడ్డ డొక్కమీద చెయ్యి పెట్టి చూడు. ఊపిరి తీసినప్పుడు లోపలికి పీక్కుపోతుండాదేమో చెప్పు."

గొణుక్కుంటూ వెళ్లింది. కాసేపటికి కేక వేసింది.

"పోతుండాదే! గుంట పడతా ఉండాది! యాడికి ఎత్తుకపోయేదమ్మా?"

సాంబ్రాణి కుంపటి పెరట్లోకి తీయించాను. బిడ్డ తండ్రి తడిగుడ్డ కప్పి బిడ్డను ఎత్తుకుని ముందు పరుగెత్తాడు, నేను వెనక. డాక్టరు ఆస్పత్రిలోనే ఉంచుకున్నారు. బిడ్డ బతికింది.

లోపల సాంబ్రాణి, ధూపం వేయొద్దని మళ్లీ దండోరా వేయించారు. బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు అత్తగారు గడప లోపలే నిలబడి ఎత్తి చూపించింది. నేను వీధిలోంచి చూశాను.

ఉద్యోగం వదిలేదాకా, తలుపులు మూసుకోమని ఎవరికి చెప్పినా, మూసుకున్నాక లోపల ఏం చేస్తారో ముందు అడిగేదాన్ని.