మా బావా, నా కారు లైట్ల స్విచ్చీ

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, నాన్న వెళ్ళిపోయాడు" అన్నాడు. కాయల మీద పట్టా కప్పి బయల్దేరాను.

బావ అంటే మా అక్క మొగుడు. మార్టూరులో హైవే పక్కన చిన్న రేకుల షెడ్డులో కార్లకి వైరింగ్ పని చేసేవాడు. నాది దర్శి దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి వేస్తాను. పాత అంబాసిడర్ ఒకటి ఉంది, పెళ్ళిళ్ళకీ ఆస్పత్రులకీ బాడుగకి తిప్పుతాను. ఆ కారు నా చేతికి వచ్చినప్పటి నుంచీ దాని వైర్ల మీద చెయ్యి వేసింది మా బావ ఒక్కడే.

పెద్దకర్మ రోజు భోజనాలకి ముందు ఎవరో మైకు తెచ్చి, "మీ బావ గురించి నాలుగు మాటలు చెప్పండి" అని నా చేతిలో పెట్టారు. "మా బావ..." అన్నాను. మైకు వెనక్కిచ్చేశాను. అది పుచ్చుకున్నాయన పక్కవాడితో, "ఏం చెబుతాడులే, ఈయన కారే గదా ఆయన్ని మింగింది" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు. మైకు ఇంకా ఆపలేదు. పందిట్లో అందరికీ వినపడింది. మా అక్కకి కూడా.

నోటితో రానిది రాస్తే వస్తుందేమోనని ఇది రాస్తున్నాను. మా ఊరి బడిలో చదివిన చదువే నాది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మా బావ నోరు మంచిది కాదు. ఆ మాట దాచి రాస్తే, బతికుంటే ఆయనే ఒప్పుకోడు. బావా బావమరుదుల మధ్య ఎకసెక్కాలు మా వైపు మామూలే. అదొక హక్కు కింద లెక్క. ఒకరంటే ఇంకొకరు అంటారు, నవ్వుకుంటారు. మా ఇద్దరిలో అనేది ఆయన, పడేది నేను. పెళ్ళిపందిరైనా, తద్దినమైనా, నేను గుమ్మంలో కనపడితే చాలు, "వచ్చాడమ్మా మా మూగోడు! ఒరేయ్, షెడ్డుకి రా, నీ నోటికో స్విచ్చి బిగిస్తా. సంవత్సరానికోసారన్నా పలుకుద్ది" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. తిరిగి ఏమనాలో ఇంటికి పోయాక తోచేది.

కన్నకొడుకునీ వదల్లేదు. వాడు ఒక స్పానరు బదులు ఇంకొకటి అందించాడని, షెడ్డు నిండా జనం ఉండగా, "వీడికి కూతుర్ని ఇచ్చేవాడెవడో గానీ, ఆ పిల్ల అన్నం అడిగితే వీడు గడ్డి తెస్తాడు" అన్నాడు. వాడు మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. చీమకుర్తిలో గ్రానైట్ లారీల దగ్గర గుమస్తాగా చేరాడు.

పని మాత్రం చూడాలి. కారు రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ఓనర్ని సీట్లో కూర్చోబెట్టి, ఒక్కో స్విచ్చీ వేసి తీయమనేవాడు. తను డాష్‌బోర్డుకి చెవి ఆనించి వినేవాడు. మంచి స్విచ్చి టక్కుమంటుందట, లోపల రేకు అరిగినది నసుగుతుందట. ఆ తర్వాత, దేని మీదా చెయ్యి వేయకముందే, కరెంటు రాకుండా బ్యాటరీ ఎర్త్ వైరు తీసేసేవాడు. అది తీయకుండా స్విచ్చి ఊడదీసినవాణ్ణి మేస్త్రీ అనేవాడు కాదు, "పీనుగ" అనేవాడు.

ఒకసారి ఒక పత్తి వ్యాపారి కారు వచ్చింది. స్విచ్చి పాడైందని ఆయన రెండు వైర్లూ కలిపి ముడేసుకున్నాడు.

"ఇదెవరి పని?" అన్నాడు బావ.

"నేనేనండి. అర్జెంటు అయ్యి..."

"మీ ఇంటి తలుపుకి గడియ ఊడితే తలుపు పీకి పొయ్యిలో పెడతావా? నిద్రపో ఆ కార్లో, తెల్లారేసరికి నువ్వూ పొయ్యిలో ఉంటావు."

ఆయన మొహం మాడిపోయింది. కానీ బావ ఆ స్విచ్చి విప్పి, లోపలి రాగిరేకుని సన్న ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి బిగించేదాకా అన్నం తినలేదు. నా కారుకీ అంతే. నేను వెనక సీట్లో మిరపకాయ బస్తాలు వేస్తానని, ఆ దుమ్ము స్విచ్చిల్లోకి దూరుతుందని తిట్టేవాడు. తిట్టిన నోటితోనే ఆ దుమ్ముని ఊదేవాడు. ఘాటు కళ్ళలో పడి, నీళ్ళు కారుతుంటే, మా వంశం మొత్తాన్నీ తిడుతూ మళ్ళీ ఊదేవాడు. అతుకుల పని చేసి నన్ను ఏనాడూ పంపలేదు. రాత్రి బాడుగల నుంచి నేను క్షేమంగా ఇల్లు చేరానంటే అది ఆ నోటి చలవే.

తర్వాత షుగరు వచ్చింది. ముందు కళ్ళు మసకబారాయి. ఆపైన వేళ్ళకి స్పర్శ పోయింది. ఎవరికీ చెప్పలేదు. స్క్రూ జారిపడితే స్క్రూని తిట్టేవాడు.

పోయిన ఎండాకాలం నా కారు లైట్లు దారిలో ఆరి, మళ్ళీ వాటంతట అవే వెలగటం మొదలుపెట్టాయి. మార్టూరు తీసుకెళ్ళాను. బావ చెవి పెట్టి విని, "లైట్ల స్విచ్చి సచ్చింది" అన్నాడు. బ్యాటరీ దగ్గరికెళ్ళి స్పానరు వేశాడు. నట్టు మీద కూర్చోలేదు. మళ్ళీ వేశాడు. జారింది. పక్కన టీ బంకు దగ్గర నలుగురు కుర్రాళ్ళు చూస్తున్నారు. ఆయన తిట్లు తిన్నవాళ్ళే. ఒకడు, "మేస్త్రీ, నట్టు అటుంది!" అని అరిచాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

నేను స్పానరు అందుకోబోయాను. "నువ్వు జరుగు" అని స్పానరు కింద పడేసి, ఎర్త్ తీయకుండానే కార్లోకి వంగి స్విచ్చి బయటికి లాగాడు.

నేను పొగ చూశాను. లాగినప్పుడు కరెంటు వైరు ఇనుముకి తగిలింది. వైరు కాలి ఎర్రబడింది. ఆయన వేళ్ళు దాన్ని పట్టుకునే ఉన్నాయి. పట్టుకుని, తాపీగా తల తిప్పి బంకు వైపు చూసి, "ఎవడ్రా అక్కడ చేపలు కాలుస్తుంది? కంపు" అన్నాడు.

కుర్రాళ్ళు నవ్వటం మానేశారు. నేను పరిగెత్తి ఎర్త్ వైరు పీకేశాను. ఆయన తన వేళ్ళు మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయనకి.

పుండు మానలేదు. నల్లబడింది. ఆస్పత్రిలో వేళ్ళు తీసేయాలన్నారు. చెబితే రాడని, "కట్టు మార్పించుకొద్దాం" అని అక్కా మేనల్లుడూ తీసుకెళ్ళారు. మెలకువ వచ్చేసరికి కుడిచేతికి బొటనవేలూ దాని పక్క రెండూ లేవు. ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే చూపు కూడా పూర్తిగా పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా నమ్మడు. మజ్జిగ ఇస్తే మందు కలిపారనేవాడు. పొద్దు పోయిందంటే, "నాకు తెలీదనేగా" అనేవాడు.

నా కారు స్విచ్చి అలాగే వైర్లతో వేలాడుతూ ఉండిపోయింది. "వేరేవాడు ముట్టుకున్నాడో, చంపుతా. నేను పీకింది నేనే పెడతా" అని కబురు పంపాడు. పగటి బాడుగలే తిప్పుకుంటూ వచ్చాను. ఆయన పోవటానికి కొద్ది రోజుల ముందు అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, బండి తీసుకురా. నీ చేత చేయిస్తాడంట. అది పూర్తికాకుండా పోతానేమోనని మూడు పూటలా అదే గోల."

వాకిట్లో మంచం పక్కన కారు ఆపాను. మిట్టమధ్యాహ్నం.

"ఎర్త్ పీకావా?"

"పీకా బావా."

"హారన్ కొట్టు."

కొట్టాను. మోగలేదు. అప్పుడు నమ్మాడు.

కాలిన వైరు మార్పించి, స్విచ్చి విప్పించాడు. రాగిరేకు రుద్దమన్నాడు. రుద్దాను. చప్పుడు వింటూ, "ఏందిరా, రుద్దుతున్నావా, నిమురుతున్నావా? అది నీ పెళ్ళాం వీపు కాదు" అన్నాడు. అక్క లోపలికి పోయింది. స్ప్రింగు ఎగిరి మట్టిలో పడింది. వెతుకుతున్నంతసేపూ తిట్టాడు. దొరికింది. బిగించాను. ఎర్త్ తగిలించి స్విచ్చి లాగాను. టక్కుమంది. లైట్లు వెలిగాయి.

"వెలిగిందా?"

"వెలిగిందండీ" అంది అక్క గుమ్మంలోంచి.

"నువ్వు చెప్పకు."

"రెండూ వెలిగాయి నాన్నా" అన్నాడు మేనల్లుడు.

"నువ్వసలు చెప్పకు. కట్టు మార్పిస్తానన్న మొనగాడివి." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు చెప్పు."

"వెలిగింది బావా."

"నీకు అబద్ధం చెప్పటం చేతకాదు. కానీ వీళ్ళు నేర్పుంటారు. లేపు నన్ను."

లేపి కారు ముందుకి తీసుకొచ్చాను. మోకాళ్ళ మీద కూలబడి, కుడి లైటు అద్దానికి బుగ్గ ఆనించాడు. చాలాసేపు ఉన్నాడు. "వేడిగానే ఉంది. ఇది ఎండ వేడా, దీపం వేడా?" అన్నాడు.

చెప్పినా నమ్మడు. నేను భుజం మీది తువ్వాలు తీసి, ఆయన తల మీదుగా లైటు మీదికి కప్పి, రెండు చేతులా గుడారంలా పట్టుకున్నాను. ఎండ పడకుండా నేనూ వంగి లోపలికి చేరాను. మేనల్లుణ్ణి సీట్లో కూర్చోమన్నాను.

"ఆపమను."

వాడు ఆపాడు. అద్దం చల్లారేదాకా కదల్లేదు బావ. నా నడుం పట్టేసింది.

"వెయ్యమను."

టక్కుమంది. తువ్వాలు లోపల అంతా తెల్లగా అయిపోయింది. ఆయన నెరిసిన గడ్డం ఒక్కో వెంట్రుకా కనపడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. ఆ వెలుగు సూటిగా ఆ కళ్ళలో పడుతున్నా రెప్ప వెయ్యలేదు. నెమ్మదిగా అద్దం వేడెక్కింది. బుగ్గ ఇంకా గట్టిగా అదిమాడు.

"ఊఁ" అన్నాడు.

ఎడమ లైటుకి కూడా అలాగే పట్టమన్నాడు. పట్టాను.

"ఇది కాస్త తక్కువుంది. బాగా చేశావు అంటాననుకుంటున్నావేమో."

"లేదు బావా."

"అదీ."

మంచం మీద కూర్చోబెట్టాము. బుగ్గ మీద లైటు రింగు దుమ్ము సగం చందమామలా అంటుకుని ఉంది. అక్క కొంగుతో తుడవబోయింది. "ఉండనీ" అని మొహం అవతలికి తిప్పుకున్నాడు.