బూజుకర్ర బొట్టు

రాజక్క బూజుకర్ర పట్టుకొని వీధిలోకి వచ్చిందంటే, కాశిబుగ్గ ఆడవాళ్ళు ఇప్పటికీ నుదురు తడుముకుంటారు. నేతపని ఇల్లు ఆమెది. నోరు మగ్గం కన్నా వేగం.

కరోనా మొదటి ఏడు ఆమెకు రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. మార్చి ఆఖర్లో క్యాన్సర్ పరీక్షల క్యాంపు అన్నారు, లాక్‌డౌన్‌లో అది ఎగిరిపోయింది. హనుమకొండలో ఏ దవాఖానకు ఫోన్ చేసినా "ఇప్పుడు కరోనా కేసులే" అన్నారు. చలికాలానికి శనగగింజ కాస్తా రేగుపండయింది.

అప్పుడొచ్చింది ఆ క్యాన్సర్ పరీక్షల బస్సు. తెల్లబస్సు, తెల్లకోట్లు! కరోనా ఉన్నోళ్ళను పట్టుకుపోతారని తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. రాజక్క ఒక్కతే బస్సు దాకా పోయి, తోడు లేక మెట్టెక్కకుండానే వెనక్కొచ్చింది.

"సోమవారం మళ్ళీ వస్తాం. అప్పుడూ ఎవరూ రాకపోతే ఇక ఇటు రాము," అని చెప్పి వెళ్ళిపోయింది డాక్టరమ్మ.

కృష్ణకూ గోదావరికీ అటూ ఇటూ నేను తిరగని ఊరు లేదు. అచ్చేసిన పెళ్ళిపత్రికలతో పొయ్యి రాజేసినవాళ్ళను చూశాను. బొట్టు పెట్టి పిలిస్తే రాని ఆడమనిషిని మాత్రం చూడలేదు. ధర్మసాగర్‌లో ఒకామె జ్వరంతోనే పేరంటానికి పోయి పాటందుకుంది, అది వేరే కథ.

రాజక్కకూ ఆ బొట్టే తట్టింది. కానీ మనిషిని ముట్టరాదు కదా! బూజుకర్ర కొసకు దూది చుట్టి, తడి కుంకుమలో ముంచి, ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. ఇంటింటికీ కొత్త దూది.

"వదినా, జర కిటికీల మొకం వెట్టు!"

"ఏందే, పెండ్లా?"

"పెండ్లే! రేపు, బస్సుల."

కర్ర గురి తప్పి అనసూయ వదిన ముక్కు ఎర్రబడింది. మొగుడు పోయిన వరలక్ష్మి వెనక్కి తగ్గితే, "గా రోగం మొగడున్నడా అని అడిగి అస్తదా?" అని ఆమెకూ పెట్టింది.

సోమవారం బస్సు ముందు పట్టుచీరల జాతర! ఒకామె "వాయినమేదమ్మా?" అని డాక్టరమ్మనే నిలదీసింది.

సాయంత్రానికి అందరి పరీక్షలూ అయ్యాయి. బస్సు స్టార్టయింది. రాజక్క కర్రా కుంకుమ భరిణా పట్టుకొని గోడకు అతుక్కుని ఉంది.

"ఏమే, నువ్వెక్కవా?" అంది అనసూయ.

"నన్నెవలు పిల్సిన్రు? నాకెవలు బొట్టు వెట్టిన్రు?" నవ్వబోయింది. తల భరిణె మీదికి వంచుకుంది.

అనసూయ ఆ కర్ర గుంజుకుని పక్కన పడేసింది. భరిణెలో వేలు ముంచి, నేరుగా నుదుటి మీదే అద్దింది.

"ఇగ నడువు."

నడిచింది. గడ్డ చెడ్డదేనట, కానీ ఇంకా ఎటూ పాకలేదట. తీసేశారు. మందులకు ఊడిన జుట్టు రింగులు రింగులుగా మొలిచింది.

"పార్లర్ల గిట్ల చెయ్యాల్నంటే ఎంతడుగుతరో ఎరికేనా?" అంటుంది, బస్సు వచ్చే ముందురోజు కర్ర కొసకు దూది చుడుతూ.