వాల్టర్ పుస్తకానికి నేను వేసిన అట్ట

మంచి మనసుతో, ఒక్క చుక్క జిగురైనా ఒలకకుండా మనిషి ఎంత నష్టం చేయగలడో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసి చూపించాను.

మా మేనేజర్ వాల్టర్‌కి రెండు పిచ్చులు. ఒకటి ఆటగాళ్లు సంతకాలు పెట్టిన బేస్‌బాల్ కార్డులు, రెండోది ఎక్కడా దొరకని పాత పుస్తకాలు. ఓ శనివారం నన్ను భోజనానికి పిలిచి గాజు బీరువా తెరిచాడు. ఒక్కో కార్డునూ పురిటిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుని చూపించాడు. "ఈయన వానలో తడుస్తూ సంతకం పెట్టాడు. ఇదిగో, సిరా ఇక్కడ అలుక్కుంది చూడు" అంటుంటే, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి కాస్తా బడిపిల్లాడైపోయాడు. నాకూ ఆ ఆట సంగతులు తెలుసుకోవాలని ఆశ పుట్టింది. అది కనిపెట్టి, బేస్‌బాల్ మీద ఓ పాత పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"చదివి ఇవ్వు. జాగ్రత్త" అన్నాడు.

జాగ్రత్త అన్నాక ఊరుకుంటానా? ఆ పుస్తకం పైకాగితం అంచులు చిరిగి, కామెర్లు వచ్చినట్టు పచ్చబడి ఉంది. మా బళ్లో అలాంటి పుస్తకం తెస్తే బెంచీ ఎక్కించేవారు. ఆ పైకాగితాన్ని ఊడదీసి, పడెయ్యమని మా ఆవిడ పద్మకిచ్చాను. కిరాణా కాగితం సంచి కత్తిరించి, మూలలు మడిచి, చక్కగా అట్ట వేశాను. లేబుల్ కూడా అంటించాను. పేరు: వాల్టర్. సబ్జెక్టు: బేస్‌బాల్. ఇల్లలకగానే పండగ కాదన్నారు గానీ, అట్ట వేయగానే పుస్తకం బాగుపడిపోదని నాకెవరూ చెప్పలేదు.

సోమవారం ఆఫీసులో గర్వంగా అందించాను. వాల్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"జాకెట్ ఎక్కడ?"

"కార్లో ఉంది. ఇవాళ పెద్దగా చలి లేదుగా."

"నీది కాదు. పుస్తకానిది."

అప్పుడు తెలిసింది, ఆ చిరిగిన పైకాగితాన్నే జాకెట్ అంటారని. పుస్తకం విలువంతా దానిదేనట. రచయిత సంతకం కూడా దాని లోపలి మడత మీదే ఉందట. పైగా నా గ్రీన్ కార్డు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఈయనే మరి. వెంటనే ఇంటికి ఫోన్ కొట్టాను.

"పద్మా, ఆ జాకెట్ ఏం చేశావ్?"

"ఏ జాకెట్టు? పట్టుచీరదా?"

"అబ్బా, అది కాదు. వాల్టర్ అడుగుతున్నాడు."



"మీ మేనేజర్‌కి నా జాకెట్టెందుకండీ?"

పక్క క్యూబికల్లోని తెలుగాయన కీబోర్డు చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"పుస్తకం మీంచి తీసిన కాగితం, పద్మా."

"ఓ, అదా. మందంగా ఉంది కదాని పడెయ్యలేదు. ఆవకాయ జాడీ కింద పరిచా."

సాయంత్రం ఇద్దరం దాన్ని పట్టుకుని వాల్టర్ ఇంటికి వెళ్లాం. సంతకం క్షేమమే. కాగితం నడిమధ్య మాత్రం పున్నమి చంద్రుడంత ఎర్రటి నూనె మరక. వాల్టర్ భూతద్దం పెట్టి చూశాడు. తర్వాత వాసన చూశాడు.

"ఇదేమిటి?"

"మ్యాంగో పికిల్, సార్. నేనే పెట్టాను. వెరీ సారీ" అంది పద్మ.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఈ జాకెట్ ఇంకా కొందరి దగ్గర ఉంది. ఇలాంటిది మాత్రం నా ఒక్కడి దగ్గరే" అంటూ కలం తీసి పద్మ చేతికిచ్చాడు. "మరక పక్కన సంతకం పెట్టమ్మా."

పద్మ ఇంటిపేరుతో సహా తెలుగులో సంతకం పెట్టింది. వాల్టర్ దాన్ని అపురూపంగా బీరువాలో పెట్టుకున్నాడు. నేను వేసిన అట్టను మాత్రం మర్యాదగా మడిచి నాకే తిరిగి ఇచ్చేశాడు.

ఆయన గుమ్మంలోనే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో పరాయి పుస్తకానికి అట్ట వేయను. బుద్ధి గడ్డితిని వేసినా, ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఇంటావిడను జాకెట్ అడగను.